రొట్టె, ఇల్లు, నాయకుడు: నజీబ్ మహ్‌ఫూజ్ నవలికలో ఈజిప్టు ఆర్థిక చరిత్ర

ఈజిప్టు రచయిత నజీబ్ మహ్‌ఫూజ్ 1985లో 'యౌమ ఖుతిలజ్జయీమ్' అనే చిన్న నవలను ప్రకటించాడు. 'నాయకుడు హతుడైన రోజు' అని ఆ పేరుకు అర్థం. ఒక్క పూటలో చదివి ముగించగలిగినంత చిన్న పుస్తకమిది. 1988లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినప్పుడు పాఠకుల దృష్టి ప్రధానంగా కైరో నవలాత్రయం మీదనే నిలిచింది. ఈ నవలిక మరుగున పడిపోయింది. మహ్‌ఫూజ్ పేరు వినగానే ముస్లిం పాఠకులలో చాలమందికి 1959లో 'అల్ అహ్రామ్' పత్రికలో ధారావాహికగా వెలువడిన మరొక నవల, దానిపై అల్ అజ్‌హర్ విద్వాంసులు తెలిపిన అభ్యంతరాలు జ్ఞాపకం రావచ్చు. ఆ వివాదంతో ఈ వ్యాసానికి సంబంధం లేదు. చౌక రొట్టె ఇచ్చి ప్రజల మద్దతు పొందిన ప్రభుత్వం, ఆ తర్వాత సంతకు తలుపులు తెరిచినప్పుడు ఒక సామాన్య కుటుంబం ఏమైపోయిందో ఈ నవలిక ఎంత నిజాయితీగా చెప్పింది, ఎక్కడ తడబడింది అన్నదే ఇక్కడి పరిశీలన.

కథ

నవలికను ముగ్గురు వంతులవారీగా చెబుతారు. మొదటివాడు ముహ్‌తషమీ జాయెద్. ఎనభై దాటిన వృద్ధుడు, నమాజు, ఖుర్ఆన్ పారాయణం, పాత జ్ఞాపకాలు ఆయన లోకం. రెండవవాడు ఆయన మనుమడు అల్వాన్. మూడవది అల్వాన్‌కు నిశ్చితార్థమైన రందా. అల్వాన్, రందా ఇద్దరూ చదువుకున్నవారు, ఒకే కార్యాలయంలో ఉద్యోగులు, చిన్ననాటి నుండి ఒకరినొకరు ఇష్టపడినవారు. వారి పెండ్లికి కులం గాని, కుటుంబ వైరం గాని అడ్డు కాదు. ఉండడానికి ఒక ఇల్లు దొరకదు, అంతే. ఇద్దరి జీతాలు కలిపినా ఫ్లాటుకు ముందుగా కట్టవలసిన సొమ్ము కూడదు. ఏళ్లు గడుస్తాయి. అమ్మాయి ఇంటివారి ఒత్తిడి పెరుగుతుంది. చివరకు అల్వాన్ తానే సంబంధం వదులుకుంటాడు.

ఆ కార్యాలయంలోని పైఅధికారి అన్వర్ అల్లామ్ రందాను పెండ్లాడతాడు. వ్యాపారుల సహవాసంతో, కొత్త డబ్బుతో పైకి వచ్చిన మనిషి. తన వ్యవహారాలు చక్కబడడానికి అతిథుల ముందు భార్య అందాన్ని పెట్టుబడిగా వాడుకోవాలని చూస్తాడు. రందా అందుకు ఒప్పుకోక విడిపోతుంది. 1981 అక్టోబరు 6వ తేదీన సైనిక కవాతులో అధ్యక్షుడు అన్వర్ సాదాత్ హత్యకు గురవుతాడు. అదే రోజు ఆవేశంలో అల్వాన్ కొట్టిన దెబ్బకు అన్వర్ అల్లామ్ ప్రాణం పోతుంది. ఇద్దరి పేరూ అన్వరే కావడం యాదృచ్ఛికం కాదని ఏ పాఠకునికైనా తెలుస్తుంది.

రెండు వాగ్దానాలు

ఈ కుటుంబాన్ని అర్థం చేసుకోవాలంటే దాని వెనుకనున్న రెండు వాగ్దానాలను తెలుసుకోవాలి.

మొదటిది జమాల్ అబ్దున్ నాసిర్ కాలం నాటిది. 1952 విప్లవం తర్వాత భూసంస్కరణ వచ్చింది. 1961లో పెద్ద పరిశ్రమలు, బ్యాంకులు జాతీయమయ్యాయి. విశ్వవిద్యాలయ విద్య ఉచితమైంది. పట్టభద్రుడైన ప్రతివానికీ ఉద్యోగం చూపించే బాధ్యతను ప్రభుత్వం నెత్తిన వేసుకున్నది. ఇండ్ల అద్దెలను చట్టం ద్వారా పలుమార్లు తగ్గించి, ఆ స్థాయిలో నిలిపివేశారు. రొట్టె, చక్కెర, నూనె చౌకగా అందాయి. దీనికి బదులుగా ప్రజలు సమర్పించినది ఒక్కటే: మౌనం. పార్టీలు రద్దయ్యాయి, పత్రికలు ప్రభుత్వం చేతిలోకి వెళ్లాయి, కార్మిక సంఘాలు ప్రభుత్వం మాట వినవలసినవయ్యాయి. పొందినది హక్కు కాదు, బహుమానం. బహుమానం ఇచ్చినవాడిని లెక్క అడిగే వాడుక ఎక్కడా లేదు.

1967 యుద్ధంలో ఓటమి, సూయజ్ కాలువ 1975 వరకు మూతపడి ఉండడం, సైనిక వ్యయం, నష్టాలలో నడిచే ప్రభుత్వ కర్మాగారాలు - ఇవన్నీ కలిసి ఆ వాగ్దానాన్ని మోయలేని బరువుగా మార్చాయి. ఈ సంగతి దాచిపెట్టి సాదాత్ విధానాన్ని మాత్రమే నిందించడం న్యాయం కాదు. 1973 యుద్ధం తర్వాత, 1974లో సాదాత్ 'అక్టోబరు పత్రం' ప్రకటించాడు. అదే ఏడాది 43వ నంబరు చట్టంతో అరబ్, విదేశీ పెట్టుబడులకు ద్వారాలు తెరిచాడు. 'ఇన్ఫితాహ్' అన్న మాటకు తెరుచుకోవడమని అర్థం. శాంతి వస్తుంది, పెట్టుబడి వస్తుంది, అందరూ సుఖపడతారు అన్నది రెండవ వాగ్దానం.

వచ్చినదేమో ఎక్కువగా దిగుమతి వ్యాపారం, దళారీ పని, స్థలాల క్రయవిక్రయం. కర్మాగారాలు ఆశించినంతగా రాలేదు. చమురు ధరలు పెరగడంతో లక్షలాది ఈజిప్టువారు గల్ఫ్ దేశాలకు వెళ్లి డబ్బు పంపసాగారు. అదే చమురు సంపద హైదరాబాదు పాతబస్తీ నుండి, తెలంగాణ జిల్లాల నుండి కూడా యువకులను అక్కడికి పిలిచింది. బయటి నుండి వచ్చిన డబ్బు సొంత ఊరిలో స్థలాల ధరలను ఏం చేస్తుందో తెలుగు పాఠకునికి వేరుగా వివరించనక్కరలేదు. నెల జీతం మీద బ్రతికే గుమాస్తా మాత్రం ఉన్నచోటనే ఉండిపోయాడు. సరుకుల ధరలు అతనిని దాటి పరుగెత్తాయి.

1977 జనవరి

ఈ రెండు వాగ్దానాలు ముఖాముఖి ఢీకొన్న రోజులు 1977 జనవరి 18, 19. అప్పులతో సతమతమవుతున్న ప్రభుత్వంపై అంతర్జాతీయ ద్రవ్యనిధి ఒత్తిడి తెచ్చింది. జనవరి 17న ఆర్థిక వ్యవహారాల ఉపప్రధాని అబ్దుల్ మున్ఇమ్ అల్ ఖైసూనీ, పిండి, చక్కెర, టీ, వంటగ్యాసు వంటి వాటిపై ఇస్తున్న రాయితీలలో కోత ప్రకటించాడు. తెల్లవారేసరికి అలెగ్జాండ్రియా నుండి అస్వాన్ వరకు జనం వీధుల్లోకి వచ్చారు. రేవు కార్మికులు, విద్యార్థులు, గృహిణులు అందరూ ఉన్నారు. సైన్యం దిగింది, కర్ఫ్యూ పడింది. అధికారిక లెక్క ప్రకారమే డెబ్భైమందికి పైగా మరణించారు. ప్రభుత్వం వెంటనే పాత ధరలను పునరుద్ధరించింది. ఆ రోజుల్లో అస్వాన్‌లోని విశ్రాంతి భవనంలో ఉన్న సాదాత్, ఆ తర్వాత దానిని 'దొంగల తిరుగుబాటు' అని వర్ణించాడు.

అయితే ఆ తిరుగుబాటును కేవలం కడుపు మంటగా చూడడం పొరపాటు. ధరలు పెరగబోతున్నాయని ప్రజలకు ముందుగా ఎవరూ చెప్పలేదు. ఎందుకు పెంచవలసి వచ్చిందో, ఎవరు ఎంత భారం మోయాలో చర్చించలేదు. అంతకు ముందు మూడేళ్ల నుండి కొత్త కార్లు, కొత్త భవనాలు, దిగుమతి సరుకుల దుకాణాలు వారి కళ్ల ముందే వెలిశాయి. పొదుపు చేయండని ఆ భవనాలవారికి ఎవరూ చెప్పలేదు. పొదుపు మాట మొట్టమొదట రొట్టె తినేవాని వద్దకే వచ్చింది. ఓటు పెట్టెతో గాని, పత్రికతో గాని, సంఘంతో గాని లెక్క అడగలేని జనం రాయి విసిరి అడిగారు.

తలుపు తెరుచుకోని ఇల్లు

మహ్‌ఫూజ్ నవలికలో 1977 అల్లర్లు ప్రధాన ఘట్టం కావు. ఆయన ఎంచుకున్నది రొట్టె కాదు, ఇల్లు. ఇందులోనే ఆయన చూపు ఎంత లోతైనదో తెలుస్తుంది.

రొట్టె ధర పెరిగితే జనం ఒక్కరోజులో ఏకమవుతారు. ఇల్లు దొరకకపోతే ఏకం కారు. ప్రతి జంటా ఒంటరిగా వేచి ఉంటుంది. పైగా ఈ ఇంటి చిక్కు ఒక్క సంత వల్లనో, ఒక్క జనాకర్షణ వల్లనో వచ్చినది కాదు. నాసిర్ కాలపు అద్దె చట్టాలు అప్పటికే ఇంట్లో ఉన్నవారిని కాపాడాయి. అద్దె నామమాత్రంగా మిగిలింది, తండ్రి తర్వాత కొడుకుకు సంక్రమించింది. దానితో అద్దెకు ఇండ్లు కట్టేవారు తగ్గిపోయారు. కట్టినవారు అద్దెకు ఇవ్వక అమ్మడం మొదలుపెట్టారు. అద్దెకిచ్చేవారు కూడా 'ఖులూ రిజ్ల్' అనే పేరుతో చట్టానికి కనబడని పెద్ద మొత్తం ముందుగా వసూలు చేశారు. దీనిమీద ఇన్ఫితాహ్ డబ్బు, గల్ఫ్ డబ్బు వచ్చి పడి స్థలాల ధరలను ఆకాశానికి ఎత్తాయి.

అల్వాన్, రందాలు చిక్కుకున్నది ఈ రెండు గోడల నడుమ. పాత విధానం ఇంట్లో ఉన్నవారికి రక్షణ ఇచ్చింది, కొత్త విధానం డబ్బున్నవారికి తాళంచెవి ఇచ్చింది. ఇంటి బయట, డబ్బు లేక నిలబడినవారి పేరు రెండు పద్దుల్లోనూ లేదు. వారికి దొరికిన ఉద్యోగమూ అటువంటిదే. అది నాసిర్ కాలపు వాగ్దానం ఫలితం. కాని పెద్దగా పని ఉండదు, జీతం చాలదు. నవలికలో అల్వాన్ తల్లిదండ్రులు ఉదయం నుండి రాత్రి వరకు పనిచేసి కూడా కొడుకుకు ఒక గదిని సమకూర్చలేరు. ఆర్థిక నివేదికలలో కనిపించని ఈ దృశ్యమే నవలికకు ప్రాణం.

నవలిక తడబడిన చోట

ఇంత చూసిన రచయిత రెండు చోట్ల తడబడినట్లు కనిపిస్తుంది.

మొదటిది, అల్వాన్ నోట వినిపించే నాసిర్ కాలపు బెంగ. అతని దృష్టిలో ఆ కాలం గౌరవం, ఈ కాలం దోపిడీ. తను కూర్చున్న ఆ పనిలేని బల్ల, తనకు దొరకని ఆ ఇల్లు, కొంతవరకు ఆ పాత కాలపు కానుకలే అన్న ఆలోచన అతనికి రాదు. అది పాత్ర అమాయకత్వమా, రచయిత పక్షపాతమా అని పాఠకునికి సందేహం కలుగుతుంది. రచయిత పక్షపాతం కాదని నిర్ధారించడానికి ఒక ఆధారం ఉంది. ఈ నవలికకు రెండేళ్ల ముందు, 1983లో మహ్‌ఫూజ్ 'అమామల్ అర్ష్' అనే రచన చేశాడు. ప్రాచీన రాజుల మొదలు సాదాత్ వరకు ఈజిప్టు పాలకులను పరలోక న్యాయస్థానంలో నిలబెట్టి విచారించే కల్పన అది. అందులో నాసిర్, సాదాత్ ఇద్దరూ తాము చేసిన దానికి సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. ఇద్దరి పద్దులూ తూచగలిగిన రచయిత నవలికలో ఆ త్రాసును అల్వాన్ చేతికి ఇవ్వలేదు. ఇవ్వకపోవడం వాస్తవికమే కావచ్చు, కాని ఆ లోటును కథలో మరెవ్వరూ పూడ్చరు. ఒక తరం పాఠకులు ఈ పుస్తకాన్ని నాసిర్ కాలంపై బెంగగా మాత్రమే చదివితే ఆ తప్పు పూర్తిగా వారిది కాదు.

రెండవది ముగింపు. ఇద్దరు అన్వర్‌లు ఒకే రోజు చావడం కథకు సంపూర్ణతను ఇస్తుంది, కాని సత్యానికి కొంత ద్రోహం చేస్తుంది. పైఅధికారి చనిపోయాడు, ఇల్లు దొరకలేదు. అధ్యక్షుడు చనిపోయాడు, విధానం మారలేదు. లెక్క అడగవలసిన చోట ప్రతీకారం వచ్చి కూర్చుంది. నవలికలో నిజంగా లెక్క అడిగినది ఒక్క రందాయే. తనను సరుకుగా చూసిన భర్తను, చేతులు పైకెత్తకుండా, తల దించకుండా విడిచి వెళ్లినది ఆమె. రచయిత ఆ ఘట్టం వద్ద మరికొంత సేపు నిలిచి ఉంటే పుస్తకం ఇంకా గొప్పదయ్యేది.

ధర, బాధ్యత

రచనలో ముహ్‌తషమీ పాత్రను కొందరు కేవలం ఊరటగా చూస్తారు. లోకం చెడిపోతుంటే ముసలివాడు నమాజు చేసుకుంటూ కూర్చున్నాడని వారి ఆక్షేపణ. కాని ఆ వృద్ధుడు చదివే గ్రంథం, అనుసరించే సంప్రదాయం ఈ విషయమై మౌనంగా లేవు.

మదీనాలో ఒకసారి ధరలు పెరిగాయి. ధరలు నిర్ణయించవలసిందిగా ప్రజలు కోరగా దైవప్రవక్త (స) నిరాకరించారు. ధరల హెచ్చుతగ్గులు అల్లాహ్ చేతిలో ఉన్నాయని, ఒకరి ప్రాణం విషయంలో గాని, ధనం విషయంలో గాని తమపై అన్యాయపు దావా లేకుండా ప్రభువును కలుసుకోవాలని కోరుకుంటున్నామని వారు తెలిపిన సంగతి హదీసు గ్రంథాలలో ఉంది. సంతను ప్రభుత్వం ముట్టుకోకూడదనడానికి దీనిని ఆధారంగా చూపేవారు ఇందులోని రెండవ భాగాన్ని తరచుగా విడిచిపెడతారు. ధర నిర్ణయించకపోవడానికి అక్కడ కారణం వ్యాపారి లాభం కాదు, పాలకుని జవాబుదారీతనం. కనుకనే ఇబ్ను తైమియా హిస్బా గురించి రాస్తూ రెండు సందర్భాలను వేరుచేశాడు. సరుకు కొరత వల్ల సహజంగా ధర పెరిగితే వ్యాపారిని బలవంతపెట్టడం అన్యాయం. ప్రజలకు అవసరమైన సరుకును దాచి ధర పెంచితే న్యాయమైన ధరకు అమ్మించడం పాలకుని విధి. ఈ దృష్టిలో సంతకు గాని, రాయితీకి గాని సొంతంగా పవిత్రత లేదు. ఎవరికి అన్యాయం జరిగింది, దానికి ఎవరు సమాధానం చెబుతారు అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నను కైరోకే అన్వయించి చూపిన విద్వాంసుడు తఖీయుద్దీన్ అల్ మఖ్రీజీ. ఆయన కొంతకాలం ఆ నగరపు ముహ్తసిబ్‌గా, అంటే బజారు పర్యవేక్షకుడుగా పనిచేశాడు. క్రీ.శ. 1405 ప్రాంతంలో ఈజిప్టు కరువుల గురించి ఒక గ్రంథం రాసి, నైలు నీరు తగ్గడం ఒక్కటే కారణం కాదన్నాడు. పదవులను డబ్బుకు అమ్మడం, భూమి కౌలు విపరీతంగా పెంచడం, రాగి నాణేలను విచ్చలవిడిగా చెలామణిలోకి తేవడం - ఈ మూడు పాలనాదోషాలను ఆయన వేలెత్తి చూపాడు. ఆరు శతాబ్దాల కిందటి ఆ మూడు మాటలను అన్వర్ అల్లామ్ పక్కన పెట్టి చదివితే కొత్త వ్యాఖ్యానం అక్కరలేదు. పదవి లాభసాటి సరుకైంది, స్థలం అందనిదైంది, జీతపు డబ్బు విలువ కరిగిపోయింది.

ఆ తర్వాత

1977 అనుభవం నుండి ఈజిప్టు పాలకులు నేర్చుకున్న పాఠం, ప్రజలను అడగాలన్నది కాదు. ప్రజలకు తెలియకుండా చేయాలన్నది. రొట్టె ధర పెంచడానికి బదులు దాని బరువు తగ్గించారు. కాస్త మెరుగైన రొట్టెను ఎక్కువ ధరకు ప్రవేశపెట్టి, చౌక రొట్టెను మెల్లగా మాయం చేశారు. 1981లో పూర్తి రాయితీకి ఒక రంగు కార్డు, పాక్షిక రాయితీకి మరొక రంగు కార్డు వచ్చాయి. బాహాటంగా ధరలు పెంచిన 1984లో కఫ్రుద్ దవ్వార్ పట్టణం మళ్లీ మండింది. ఈ పద్ధతిని నేర్పుగా చేసిన సంస్కరణగా మెచ్చుకున్న ఆర్థికవేత్తలున్నారు. అయితే దొంగచాటు సంస్కరణ కూడా జనాకర్షణకు మరొక రూపమే. ఇచ్చేటప్పుడు చప్పట్ల కోసం చాటింపు వేసినవారు తీసుకునేటప్పుడు చీకటిలో తీసుకున్నారు.

మరొకవైపు, రాయితీలన్నీ నిష్కళంకమైనవని వాదించడం కూడా తగదు. దాణా కంటే చౌక అయినందువల్ల రొట్టెను కోళ్లకు, పశువులకు వేసిన సంగతి ఆ దేశంలో అందరికీ తెలిసినదే. రాయితీ పిండి నల్లబజారుకు చేరిందనీ తెలిసినదే. ఆ వృథాను చూపి పేదవాని రొట్టెను తొలగించమన్నవారు, ఆ వృథాను ఆపవలసిన అధికారి ఎవరని మాత్రం అడగలేదు.

2011 జనవరిలో తహ్రీర్ మైదానంలో వినిపించిన నినాదం రొట్టెతోనే మొదలైంది. ఈజిప్టు ప్రజలు రొట్టెను 'ఐష్' అంటారు. ఆ మాటకు బ్రతుకు అని అర్థం. రొట్టె వెంట స్వేచ్ఛ, సామాజిక న్యాయం అన్న మాటలను కూడా చేర్చి వారు నినదించారు. 1977లో రాయితో అడిగినవారి బిడ్డలు మాటతో అడిగిన సందర్భమది. ఆ తలుపు ఎక్కువ కాలం తెరిచి ఉండలేదు. 2016 నవంబరులో పౌను విలువను సంతకు వదిలివేసి ద్రవ్యనిధి నుండి 1200 కోట్ల డాలర్ల రుణం తీసుకున్నారు. 2024 మార్చిలో పౌను మరల పతనమైంది. మూడు దశాబ్దాలకు పైగా 5 పియాస్టర్ల వద్ద నిలిచిన రాయితీ రొట్టె ధర 2024 జూన్ 1 నుండి 20 పియాస్టర్లయింది. దాదాపు 7 కోట్లమంది తినే రొట్టె అది. 2025లో పాత అద్దె ఒప్పందాలను నివాస గృహాల విషయంలో ఏడేళ్లలో ముగించే చట్టం కూడా వచ్చింది.

ఆ ఏడేళ్లలో ఇల్లు ఖాళీ చేయవలసిన వారిలో ముహ్‌తషమీ వంటి వృద్ధులు ఉంటారు. బయట వేచి ఉన్నవారిలో అల్వాన్, రందాల వంటివారు ఉంటారు. ఖాళీ అయిన ఇల్లు ఆ జంటకు అందుతుందా, అన్వర్ అల్లామ్ వంటివాని చేతికి పోతుందా అన్నది చట్టంలోని అక్షరాల మీద కంటే, దానిని అమలుపరిచేవాడు ఎవరికి సమాధానం చెప్పుకోవాలి అన్నదానిమీదనే ఆధారపడి ఉంటుంది. మహ్‌ఫూజ్ నవలికకు లోపాలున్నా, ఈ ప్రశ్నను ఒక ఇంటి గడప మీద నిలబెట్టి చూపినందుకు దానిని తప్పక చదవాలి.